ఆయ్ అన్నందుకు

జనక్‌పురి డీడీఏ ఫ్లాట్లలో పాలు పోసే భయ్యాని ఆపి, "ఇక్కడ ఫ్రెంచివాళ్ళ ఇల్లెక్కడ?" అని అడిగితే, మీరు తప్పు బస్సెక్కి వచ్చారనుకుని చాణక్యపురికి దారి చూపించేవాడు. ఒక ఫ్రెంచి మనిషికి రోజూ పొద్దున్నే పాలు పోసేది తనేనని అతనికి తెలియదు. చెప్పినా నమ్మడు. ఎలా నమ్ముతాడు? ఆవిడ పేరు ఆనందకుమారి. చామనఛాయ కంటే ఒక పాలు ఎక్కువే నలుపు, నూలుచీర, బిగించి కట్టిన ముడి, నోటినిండా నవ్వు. మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. చుట్టుపక్కల ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లాడు మోకాలు చీరుకున్నా ముందు ఆవిడ తలుపే తట్టేవారు. పాస్‌పోర్టు మాత్రం ఫ్రాన్సుది.

విదేశీయులంతా వెళ్ళి హాజరు వేయించుకునే ఆఫీసు ఒకటుంది కదా, ఏటా ఆవిడా అక్కడికి వెళ్ళాలి. కిటికీ దగ్గర గుమస్తా కాగితాలు అందుకుని, ఆ ఫారినర్ ఎక్కడా అని ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూసేవాడు.

"ఫారినర్ కహా హై, దీదీ? ఉన్‌కో బులాయియే."

"మై హీ హూ, భయ్యా, ఫారినర్."

అతను ఫోటో చూసి, మొహం చూసి, మళ్ళీ ఫోటో చూసి, పక్క సీటాయన్ని పిలిచి చూపించి, ఆఖరికి ముద్ర గుద్దేవాడు. మరుసటేటికి అతను బదిలీ అయ్యేవాడు, కొత్తాయనతో కథ మళ్ళీ మొదలు. ఇంకొకళ్ళయితే విసుక్కునేవారేమో. ఆనందకుమారికి ఇదొక వినోదం. ఇంటికొచ్చి, ఆ ఏటి గుమస్తా ఎలా గుడ్లప్పగించాడో భర్త కృపారావుకి అభినయించి చూపించేది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేవాడు.

ఇదంతా యానాం చలవ. చుట్టూ ఇంగ్లీషువాడి రాజ్యం ఉండగా గోదావరి ఒడ్డున ఫ్రెంచివాళ్ళ కింద ఉండిపోయిన ఊరది. అరవై రెండులో కాగితాల మీద కూడా ఊరు మనదైపోయాక, ఫ్రెంచివాళ్ళుగానే ఉండదలచినవాళ్ళు ఆరు నెలల్లోగా సంతకం పెట్టమన్నారు. ఆనందకుమారి తండ్రి పాత సర్కారులో డవాలా బంట్రోతు. "పింఛనిచ్చే దొరే దొర" అని ఆయన పెట్టేశాడు. పదహారేళ్ళ ఆనందకుమారి ఆ ఒక్క సంతకంతో, ఎవరూ అడక్కుండానే ఫ్రెంచిదైపోయింది. ఇంట్లో మారిందేమిటంటే ఏమీ లేదు. అదే చేపల పులుసు, అదే చర్చి గంట, తండ్రి నోట అదే ఫ్రెంచి.

ఆయన ఫ్రెంచి కూడా గోదావరి నీళ్ళు తాగిందే. దొరలు ఏం చెప్పినా "వుయ్ మొస్యే, ఆయ్" అనేవాడు. వింటున్నామనీ, చిత్తమనీ, ఆపైన తమరంటే మాకు గౌరవమనీ, ఇన్నీ కలిపి గోదావరివాళ్ళు అనే మాట అదొక్కటే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆ మాట పడకపోతే పిల్లల వీపు మీద ఇంకొకటి పడేది.

అన్న యేసుదానం పటాలంలో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. తూలోన్ అనే రేవుపట్నంలో స్థిరపడి, చెల్లెలికి అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం చూశాడు, ఓడకు టిక్కెట్టు పంపాడు. ఈలోగా నర్సు చదువులో ఉన్న ఆనందకుమారి కృపారావుని చూసింది. కాకినాడ బాప్టిస్టు కుర్రాడు, రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని, ఢిల్లీలో ఉద్యోగం దొరికింది. టిక్కెట్టు వెనక్కిపోయింది. అన్నకు తల కొట్టేసినట్టయింది. సెలవు పెట్టుకుని అంత దూరం నుంచి పెళ్ళికొచ్చి, పందిట్లో అందరి ముందూ అన్నాడు:

"ఫ్రాన్సుని కాలదన్నుకుని, రక్తం గుచ్చేవోడి ఎనకాల పోతంది. ఏడుస్తది సూడండి. బతికినన్నాళ్ళూ ఏడుస్తది."

విస్తరి ముందు కూర్చోకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. ఏటా క్రిస్మస్‌కి తూలోన్ నుంచి ఒక కార్డు వచ్చేది, కింద సంతకం, దాని కింద ఫోను నంబరు. ఆవిడా ఒక కార్డు పంపేది. ఆ నంబరుకి మాత్రం ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. చేసి ఏం చెప్పాలి? బాగున్నానంటే దెప్పినట్టుంటుంది. ఆ మాట అనకపోతే బాగాలేనట్టుంటుంది.

బాగుండడమంటే ఆవిడ నిజంగానే బాగుంది. మనిషి సుఖపడడానికి పెద్ద సరంజామా అక్కర్లేదని ఆ ఇల్లు చూస్తే తెలిసేది. పొద్దున టీ కృపారావే పెట్టేవాడు. ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్ళి, వచ్చేటప్పుడు చేప తెచ్చుకునేవారు. కూతురు సువార్త ధౌలా కువాన్ కాలేజీలో చదువుతూ, తల్లి తెలుగులో తిడితే హిందీలో జవాబు చెప్పేది. ఫ్రాన్సులో ఎన్నికలొస్తే ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని ఎంబసీకి వెళ్ళి ఓటు వేసొచ్చేది, కృపారావు గేటు బయట చెట్టుకింద నిలబడి వేరుశనక్కాయలు తినేవాడు. ఇక్కడ ఎన్నికలొస్తే ఆయన ఓటుకి వెళ్ళేవాడు, ఆవిడ ఇంట్లో ఉండేది. ఈ సంసారమంతా అన్న ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలుననేదే ఆవిడకున్న ఒకే ఒక కొరత. ఆ పందిట్లో మాట ఇరవై ఏళ్ళయినా ఆవిడ చెవిలోంచి పోలేదు.

ఎనభై ఆరు చలికాలంలో ఎంబసీ వాళ్ళు ఫోన్ చేశారు. ఫ్రాన్సు నుంచి టీవీవాళ్ళు వచ్చారట. ఇండియాలో మిగిలిపోయిన ఫ్రెంచివాళ్ళ మీద సినిమా తీస్తున్నారట. పుదుచ్చేరిలో తీశారు, రాజధానిలో ఒకరు కావాలి. మీ ఇంటికి రావచ్చునా అని అడిగారు.

"అక్కడ అందరిళ్ళల్లోనూ వస్తుందా?" అని ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న. దేశమంతా వస్తుందన్నారు.

ఆ రాత్రి భర్తతో చెప్పింది. "అన్నయ్య చూస్తాడండీ. మనిల్లు, మీరు, సువార్త, అన్నీ చూస్తాడు. నేను నోరు విప్పి చెప్పక్కర్లేదు."

"చెప్పక్కర్లేదేంటి? చెప్పు. ఒక్క ముక్క ఫ్రెంచిలో చెప్పు, నేను సుఖంగా ఉన్నానని. ఆయన భాషలోనే ఆయనకి జవాబు" అన్నాడు కృపారావు.

ఆవిడ అద్దం ముందు నిలబడి ఆ ముక్క వల్లె వేసింది. జె స్వీ కోంతాంత్. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నదే, నాలుక తిరగడానికి రెండు రోజులు పట్టింది.

వచ్చినావిడ పేరు ఓదిల్. సన్నగా, మెత్తగా, కళ్ళనిండా జాలి నింపుకునే వచ్చింది. వెంట కెమెరా మనిషి. వచ్చీ రాగానే ఇల్లు సర్దడం మొదలెట్టారు. బొమ్మల షోకేసు తీసి పక్కగదిలో పెట్టారు. క్రికెట్ ఆటగాళ్ళ క్యాలెండరు దించేశారు. ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పిన టీవీని మంచం కిందికి తోశారు. తండ్రి ఫోటో, శిలువ, ఒక కుర్చీ మిగిలాయి. కృపారావుని ఏం చెయ్యాలో తోచక వరండాలో నిలబడమన్నారు. ఆయన బుద్ధిమంతుడు, నిలబడ్డాడు.

ఓదిల్ ఫ్రెంచిలో ప్రశ్న అడిగింది. అంతే, ఆనందకుమారి లోపల ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. బడి మానేశాక ఆ భాష ఆవిడ విన్నది ఒక్క తండ్రి నోటే. ఢిల్లీ వచ్చాక ఆసుపత్రి ఇంగ్లీషు, సందు హిందీ మాట్లాడీ మాట్లాడీ గోదావరి యాస కూడా చాలా వరకు అరిగిపోయింది. ఇప్పుడు ఫ్రెంచి చెవిన పడేసరికి చేతులు కట్టుకున్న నాన్న కళ్ళముందు నిలబడ్డాడు. నాన్న ఎలా బదులు పలికేవాడో ఆవిడ నోరూ అలాగే పలికింది.

"మీరు యానాంలో పుట్టారా?"

"ఆయ్."

"ఫ్రాన్సు ఎప్పుడైనా చూశారా?"

"లేదు, మదామ్, ఆయ్."

"ఫ్రాన్సు గుర్తొస్తుందా?"

"ఆయ్."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఫ్రెంచివాళ్ళకీ ఆయ్ అనే మాట ఉంది. అచ్చం ఇదే ఉచ్చారణ. ముల్లు గుచ్చుకున్నప్పుడు, తలుపు సందులో వేలు నలిగినప్పుడు మనం అబ్బా అంటాం చూడండి, దానికి వాళ్ళు ఆయ్ అంటారు. ఆనందకుమారి తండ్రి ఎవరి కింద పనిచేశాడో ఆ దొరలకు అలవాటైపోయి ఉంటుంది. ఓదిల్‌కు కాలేదు. ఫ్రాన్సు పేరెత్తినప్పుడల్లా ఈ నల్లటి పెద్దమనిషి అబ్బా అని మూలుగుతోందని ఆవిడ గుండె నీరైపోయింది.

"మీకు ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని మెల్లగా అడిగింది.

ఆ నొప్పి అనే మాట ఆనందకుమారికి అందలేదు. అందకపోయినా అతిథి ఏదో అడిగింది, మర్యాద తప్పకూడదు.

"ఆయ్" అంది.

ఓదిల్ ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది. ఎంత ప్రేమగల పిల్లో అనుకుని ఆనందకుమారి మురిసిపోయింది. ఆ ఉత్సాహంలో యానాంలో దొరలు జరిపే జూలై పద్నాలుగు పండుగ సంగతి చెప్పింది. నూనె రాసిన స్తంభం ఎక్కి అన్న పైన కట్టిన కోడిని అందుకున్నాడనీ, జారి కిందపడ్డా కోడిని వదల్లేదనీ, చేతులు తిప్పుతూ, పడీపడీ నవ్వుతూ చెప్పింది. తర్వాత వాళ్ళు వంట చేస్తుండగా తీస్తామంటే పులుసు పెట్టింది. తాలింపులో ఎండుమిరపకాయ వేసేసరికి ఇంటిల్లిపాదికీ దగ్గొచ్చింది, ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కెమెరా ఆగలేదు. చివర్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టినప్పుడు, వల్లె వేసిన ముక్క తడబడకుండా చెప్పేసింది. జె స్వీ కోంతాంత్. వరండాలోంచి కృపారావు బొటనవేలు ఎత్తి చూపించాడు.

సినిమా ఫ్రాన్సులో వేసవిలో వచ్చింది. ఓదిల్ మాట తప్పలేదు, క్యాసెట్ పంపింది. మార్కెట్లో వీడియో దుకాణం నుంచి వీసీఆర్ అద్దెకు తెచ్చారు. పైఅంతస్తు వరంగల్లు కాంతమ్మ పిండివంటలతో సహా దిగింది. "మన సిస్టరమ్మ సినిమాల ఆక్ట్ చేసిందట" అని ఆవిడే నలుగుర్ని పోగేసింది. అక్కడి క్యాసెట్‌కి ఇక్కడి మిషన్లో రంగులు రావని దుకాణంవాడు ముందే చెప్పాడు. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది.

ఆనందకుమారి కనిపించింది. బోసిగోడ, శిలువ, చచ్చిపోయిన తండ్రి ఫోటో, కుర్చీలో ఆవిడ. వెనక వయొలిన్. షోకేసు లేదు, క్యాలెండరు లేదు, కూతురు లేదు, కృపారావు ఒక్క క్షణం వరండాలో వెన్ను కనిపించి మాయమయ్యాడు. ఆయ్, అంది తెరమీది ఆనందకుమారి. ఒక మగగొంతు ఏదో గంభీరంగా అందుకుంది.

"ఏమంటుండు?" అంది కాంతమ్మ.

ఆనందకుమారి ముందుకు వంగి విని, ఆగి ఆగి తెలుగు చేసింది. "ఫ్రాన్సు పేరు వింటే చాలు... ఈమె నోట... ఒక మూలుగు వస్తుంది... అంటున్నాడు."

"మూలుగుడేంది? ఎవరు మూలిగిన్రు?"

తెరమీద మళ్ళీ ఆయ్. మళ్ళీ ఆయ్. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం. నూనెస్తంభం కథ మొత్తానికే లేదు. చివరికి కిటికీ దగ్గరి ఆనందకుమారి, నేను సుఖంగా ఉన్నాను, అంది. మగగొంతు వెంటనే, పెదవులు అలా అంటున్నాయి గాని కళ్ళు ఆ మాట అనడం లేదు, అని ముగించింది. అప్పుడు అర్థమైంది ఆవిడకు, ఏ మాటను వాళ్ళు ఏ మాటగా విన్నారో.

"మమ్మీ, ఇన్ లోగోఁ నే తో ఆప్‌కో రులా దియా!" అని సువార్త పకపకా నవ్వింది. వాళ్ళు నిన్ను ఏడిపించేశారుగా అని. కాంతమ్మకి సంగతి బోధపడగానే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకట?" అని ఓదిల్‌ని తెలుగులో నాలుగు దులిపింది. అందరూ నవ్వారు, అరిసెలు పంచుకున్నారు, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

ఆనందకుమారి నవ్వలేదు. ఏడుస్తుందని చెప్పినవాడు ఇంట్లో కూర్చుని, తను ఏడవడం చూసేశాడు. దేశమంతా సాక్ష్యం. ఇరవై ఏళ్ళుగా చూపించాలనుకున్నదేమిటి, చూపించిందేమిటి? ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు మామూలుకంటే ఎక్కువ చప్పుడు చేశాయి.

కృపారావు ఆదివారం దాకా ఓర్చుకుని, చర్చి నుంచి వస్తూ బస్సులో అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గాని నవ్వు సగమే.

"మీ అన్న అన్నదే నిజమా ఏంటి? నాతో ఏమన్నా ఏడుస్తున్నావా?"

"ఊరుకోండీ, మీరొకరు. ఇటు తిరిగి నా మొహం చూడండి, ఎంత లావయ్యానో. ఏడ్చేవాళ్ళు ఇలాగుంటారా?"

"మరి పద. ఆ నంబరుకి ఫోన్ చేసి నీ నోటితో నువ్వే చెప్పు. ఎవరో తీసిన సినిమాని ఎందుకు నమ్మాలి ఆయన?"

ఇద్దరూ జన్‌పథ్‌లో విదేశాలకు ఫోన్లు కలిపే ఆఫీసుకి వెళ్ళారు. నంబరు రాసిచ్చి బల్లమీద కూర్చున్నారు. ఆవిడ పెదవులు కదుపుతూనే ఉంది. అన్నయ్యా, నేను బాగున్నాను, అది మూలుగు కాదు. అన్నయ్యా, అది మూలుగు కాదు, నేను బాగున్నాను. ఏది ముందు అనాలో తేలకముందే గుమస్తా క్యాబిన్ చూపించి పిలిచాడు. కృపారావు బయటే ఉండిపోయాడు.

"అల్లో?" అంది అవతల గొంతు. లావుగా మారింది గాని అదే.

"అన్నయ్యా, నేను..."

"ఒసేయ్ అమ్మడూ!"

ఆవిడ రిసీవరుని రెండు చేతులతో పట్టుకుంది.

"సినిమా సూశానే. ఇంటిల్లిపాదీ సూశాం. మీ వదిన, ఇక్కడి మడిసి కదా, ముక్కు సీదుకుంటా కూకుంది. పాపం మీ చెల్లెలు, ఎలా మూలుగుతుందో యినండి, ఎల్లి తీసుకొచ్చెయ్యండి అంటది. నేనేమో సోఫాలోంచి కింద పడి నవ్వుతున్నాను. నాకు పిచ్చెక్కిందనుకున్నారే పిల్లలు!"

"నీకు తెల్సిందా అన్నయ్యా? అది..."

"తెలీదేటే? మూలుగంట, మూలుగు! నాన్న మాట్టాడినట్టే ఉందే. రెండోసారి కళ్ళు మూసుకుని యిన్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఈళ్ళు దెబ్బ తగిల్తేనే ఆయ్ అంటారే అమ్మడూ. ఇన్నేళ్ళలో నాతో మామూలుగా ఆ మాటన్నోళ్ళు లేరు."

ఆనందకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన గొంతు సవరించుకుని మాట మార్చాడు.

"అది సరే గానీ, ఆ పులుసేటే? తారు రంగులో ఉంది. సింతపండు గుమ్మరించేశావ్. అమ్మ అలా సేసేదా?"

"నీకేం తెల్సన్నయ్యా! ఇక్కడ చింతపండు పాతది, కాస్త వేసినా నలుపే వస్తది."

"నానబెట్టి మొదటి నీళ్ళు పారబొయ్యాలే. అది కూడా తెలీకుండా సంసారం సేత్తన్నావా? బావ ఎలా తింటన్నాడే ఆ పులుసు?"

"లొట్టలేసుకుని తింటారు! నువ్వొచ్చి తిని అప్పుడు మాట్లాడు."

"వస్తాను. చేపేంటది?"

"రోహూ."

"ఛీ, అదొక చేపేనా..."

చేప మీద ఇంకా తగువు తేలలేదు, లైను తెగిపోయింది. ఆనందకుమారి మొహం తుడుచుకుని బయటికొచ్చింది. కృపారావు లేచి నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉండడం చూసి, సంచి అందుకుని, మెట్లు దిగాక అప్పుడు అడిగాడు.

"చెప్పావా, సుఖంగా ఉన్నానని?"

ఆవిడ టక్కున ఆగిపోయింది. "అయ్యో! మర్చేపోయానండీ. ఆయన అడగను కూడా అడగలేదు."

"మరి అంతసేపూ ఏం మాట్లాడుకున్నారు?"

"నా పులుసులో చింతపండు ఎక్కువైందంట. బావ ఎలా తింటున్నాడే అని ఒకటే గోల."

కృపారావు రెండడుగులు వేసి నిలబడ్డాడు.

"ఏమన్నాడూ?"

"అదే, చింతపండు..."

"అది కాదు. నన్నేమన్నాడు?"

"బావ అన్నాడండీ."

ఆయన కళ్ళజోడు తీశాడు, జేబురుమాలుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. వాళ్ళ బస్సు వచ్చి ఆగింది, వెళ్ళిపోయింది, ఇద్దరిలో ఒక్కరూ ఎక్కలేదు.

"బానే ఉంటుందని చెప్పకపోయావా, పులుసు" అన్నాడు.